సంకల్పమునకు ముందు

పీటమీద కూర్చుండి, చేత అక్షతలు పట్టుకొని మన పెద్దలు సంకల్పము చెప్పుకొనునప్పుడు కోరిక మొదట రాదు. తాము ఏ ద్వీపమున, ఏ నదీతీరమున ఉన్నారో, అది ఏ సంవత్సరమో, ఏ ఋతువో, ఏ తిథియో పలికి, తమ గోత్రనామములను చెప్పుకొని, ఆ పిమ్మటనే దేనిని కోరి ఆ కర్మకు పూనుకొనుచున్నారో చెప్పుదురు. ముప్పది రెండేండ్లుగా తెనాలిలో వైద్యము చేయుచున్న నాకు ప్రతి జనవరిలోను ఈ క్రమము జ్ఞప్తికి వచ్చుచుండును. ఏలయన, ఆ మాసమున నా గదికి వచ్చువారిలో పెక్కుమంది కోరికతోనే ఆరంభించి, తామెవరో, ఎక్కడ నిలిచియున్నారో చెప్పుకొనుట మరచినవారే.

మనకు సంవత్సరాది ఉగాదియే యైనను, జనవరి మొదటినాడు ముంగిట రంగుల ముగ్గులో శుభాకాంక్షలు వ్రాయుటతో మొదలై, సంక్రాంతి చిత్రముల గోడపత్రికలు వెలయుటతో వేగము పుంజుకొని, కనుమ దాటగనే చల్లారిపోవు ఉత్సాహమొకటి మన ఊళ్లలో చాలకాలముగ నున్నది. ఆ దినములలో మూడు కోరికలు బయలుదేరును: తెరపై చూచిన దేహము తనకును కావలెననునది యొకటి, నడక ఆనాటినుండియే మొదలిడవలెననునది రెండవది, బీరువాలో దాచిన పాతకాలపు అందమును మరల ధరింపవలెననునది మూడవది. మూడును మంచి కోరికలే. ఆ మూడింటి మూలమున నాయొద్దకు వచ్చిన ముగ్గురి వృత్తాంతములను ఇచట చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట జనవరి 4వ తేదీ రాత్రి ఇరువది మూడేండ్ల యువకుడొకడు ఇద్దరు మిత్రుల భుజములపై చేతులు వైచి నా గదిలోనికి వచ్చెను. తొడలు రెండును వాచి చెక్కవలె బిగిసియుండెను. "సార్, పొద్దుటినుంచి మూత్రం కాఫీ డికాక్షన్‌లా వస్తోంది" అని చెప్పునప్పుడు వాని కంఠము వణకెను. సంవత్సరాంతపు రాత్రి స్నేహితులతో కూడి ఒక చిత్రమును చూచి, అందలి నాయకుని దేహమునకు ముగ్ధుడై, మరునాడే జిమ్ములో చేరి, రెండవనాడు పందెము కట్టి మూడువందల బస్కీలు తీసినాడట. అంతకు ముందు మూడేండ్లు వాడు చేసినదంతయు కంప్యూటరు ముందు కూర్చుండుటయే. నొప్పి తగ్గుటకు మందుల దుకాణమున కొనిన మాత్రలు సైతము మింగియున్నాడు.

అలవాటు లేని కండరమును ఒక్కదినమున హద్దు మీరి శ్రమపెట్టినచో దాని కణములు చిట్లును. అందలి మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని ద్రవ్యము రక్తమున కలిసి మూత్రపిండముల సూక్ష్మనాళములను దెబ్బతీయును. నొప్పిమాత్రలు ఆ పిండములకు మరింత కీడు చేయును. దీనిని రాబ్డోమయొలైసిస్ అందురు. రక్తమున రెండువందల లోపుగా ఉండదగిన క్రియాటిన్ కైనేజ్ వానికి నలుబదివేలు దాటియుండెను. ఆ రాత్రినుండి ఆరు దినములు నరముద్వారా సెలైను ఎక్కించుచు, గంటగంటకు మూత్రమును కొలుచుచు కూర్చుంటిమి. మూడవనాటి తెల్లవారుజామున ఆ నలుపు విరిగి, గడ్డివన్నె కనబడినపుడు, వాని తల్లి ఆ సీసాను చూచి చేతులు జోడించినది. డయాలిసిస్ అవసరము లేకయే వాడు ఇల్లు చేరినాడు.

చిత్రములపై నాకు కోపము లేదు. తెనాలిలో పెరిగినవానికి అది సాధ్యమును కాదు. అయితే తెరపై దేహమునకును కాలమునుబట్టి మారు వేషమొకటి కలదని మనము గ్రహింపవలెను. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో గద భుజమున ధరించి నడచిన ఎస్.వి.రంగారావు గారి నిండైన విగ్రహమే ఆనాటి కన్నులకు బలమునకు రూపము. 2007 సంక్రాంతికి వచ్చిన 'దేశముదురు'లో అల్లు అర్జున్ పలకలు తేలిన ఉదరముతో కనబడిన పిదప, నాయొద్దకు వచ్చు కుర్రవాండ్ర నోట 'సిక్స్‌ప్యాక్' అను మాట నిలిచిపోయినది. ఆ పలకల వెనుక నెలల తరబడి శిక్షకుని పర్యవేక్షణయు, కొలిచిన ఆహారమును ఉండును. చూచువానికి అందులో కనబడునది కొద్ది నిమిషములు మాత్రమే. పాతకాలపు నిండుతనమును సైతము కొలబద్దగా కొనిరాదు: ఆ మహానటుడు 1974లో ఏబదియారేండ్లకే గుండెపోటుతో మరణించెను. తెర ఏ కాలపుదైనను, అది చూపునది పరుల దేహము.

రెండవ వృత్తాంతమున తప్పు నాది. ఏబది యెనిమిదేండ్ల బడిపంతులు గారొకరు పదునాలుగేండ్లుగా మధుమేహమునకు నాయొద్దనే మందు పుచ్చుకొనుచుండిరి. డిసెంబరు చివర రక్తపరీక్షల కాగితము చూచి, "మాస్టారూ, కొత్త సంవత్సరం నుంచైనా నడవండి" అని చెప్పి, తరువాతి రోగిని పిలిచితిని. ఆయన మాట నిలుపుకొనువారు. క్రొత్త బూట్లు కొని, ఒకటవ తేదీనుండి కాలువ గట్టున దినమునకు అయిదు కిలోమీటర్లు నడచిరి. ఆరవనాడు ఆయన భార్య మేజోడు ఉతుకబోయి దానికి అంటిన రక్తమును చూచి, "మీకేమీ తెలియలేదుటండీ?" అని అడిగినదట. ఆయనకు నిజముగనే తెలియలేదు. దీర్ఘకాలపు మధుమేహము పాదముల నరములను మొద్దుబార్చినందున, చిటికెనవ్రేలిని బూటు ఒరసి పొక్కించి, ఆ పొక్కు పుండై చీము పట్టినను ఒక్కనాడును నొప్పి కలుగలేదు. రెండు నెలలు కట్లు కట్టితిమి. కడకు ఆ వ్రేలిని తీసివేయక తప్పలేదు.

నడువుమని చెప్పుటకు ముందు ఆయన చెప్పులు విప్పించి పాదములు చూడవలసియుండెను. పది గ్రాముల ఒత్తిడికి వంగు సన్నని నైలాను పోగు నా బల్ల సొరుగులోనే ఉన్నది, దానిని అరికాలిన నాలుగుచోట్ల తాకించి, "తెలుస్తోందా?" అని అడుగుటకు రెండు నిమిషములు పట్టెడిది. ఆ రెండు నిమిషములను నేను మిగుల్చుకొంటిని. ఆయన వ్రేలిని పోగొట్టుకొనిరి. నాటినుండి పాదములు చూడక ఏ మధుమేహ రోగికిని నడక వ్రాయుటలేదు. బూట్లు సాయంకాలము, పాదములు కొంత ఉబ్బియుండు వేళ కొనవలెననియు, పొడవాటి వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు ఉండవలెననియు, తొలిదినములలో ఇంటిలో అరగంట మాత్రమే తొడుగవలెననియు, లోపల చేయి పెట్టి రాళ్లున్నవేమో తడిమి చూడవలెననియు చెప్పుచున్నాను.

మూడవవారు నలుబది యైదేండ్ల బ్యాంకు ఉద్యోగిని. తల్లి పోయిన ఏటి మరుసటి జనవరిలో, ఆ తల్లి బీరువాలో నెప్తలీను గుండ్ల నడుమ మడిచియుంచిన గద్వాల, వెంకటగిరి చీరలనే ఇకపై కచేరికి కట్టవలెనని ఆమె నిశ్చయించుకొనెను. నూలు నేతకు పట్టు అంచును మగ్గముపైననే కలిపి నేసిన గద్వాల చీర ఆమెకు తల్లి స్పర్శ వంటిది. అంతవరకు చుడీదారులకు అలవడిన నడుముపై చీర నిలువదేమోనను భయముతో ఆమె లంగా నాడాను ప్రతిదినము ఒకే చోట బిగించి ముడివైచెను. ఏప్రిల్ ఎండలకు చెమట పట్టి, ఆ చోట నల్లని చార పడి, దురద పుట్టి, పుండై మానకుండెను. "అమ్మ చీరలు కదా డాక్టరుగారూ, మానెయ్యమని మాత్రం అనకండి" అని ఆమె కంట తడి పెట్టినది.

మానవలసిన పని లేదు. కాని ఆ పుండును తేలికగా కొట్టివేయుటకును వీలు లేదు: ఏండ్ల తరబడి నడుమున ఒకే చోట ఒరసిన కట్టు చర్మమున క్యాన్సరుకు దారితీయుట కలదని 1945లోనే బొంబాయి శాస్త్రజ్ఞులు ఖానోల్కర్, సూర్యాబాయి గార్లు ధోవతి కట్టువారి విషయమున వ్రాసియున్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితిమి. అపాయము లేదని తేలినది. సన్నని నాడాకు మారుగా వెడల్పైన పట్టీ కుట్టించుకొని, ముడిని దినమునకొక ప్రక్కకు జరుపుచు, ఇంటికి రాగానే వదులు చేయుమని చెప్పితిని. ఆమె నేటికిని ఆ చీరలనే కట్టుచున్నది.

ఈ ముగ్గురును చెడ్డపని తలపెట్టినవారు కారు. ఒకడు బలమును, ఒకరు ఆరోగ్యమును, ఒకరు తల్లి జ్ఞాపకమును కోరిరి. కాని మొదటివాడు పరుల దేహముతోను, రెండవవారు స్పర్శ తెలియని పాదములతోను, మూడవవారు అలవాటు తప్పిన నడుముతోను ఆరంభించి, ఆ సంగతిని ఎవరికిని, తమకు సైతము, చెప్పుకొనలేదు. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామము చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. వారమునకు నూటయేబది నిమిషములనగా, అయిదు దినములు అరగంట చొప్పున నడక; దానిని సైతము పదేసి నిమిషములతో ఆరంభించి నెలకొంత పెంచుకొనవచ్చును. ఇంటిల్లిపాదియు కూడి 'మాయాబజార్' చూడదలచినచో, మూడు గంటలు కదలక కూర్చుండక, నడుమ లేచి వసారాలో నాలుగడుగులు వేసి మరల కూర్చుండవచ్చును. ఆనందమునకు లోటు రాదు.

మాస్టారు మరుసటి జనవరిలో మరల వచ్చిరి. నేను నోరు తెరువక ముందే చెప్పులు విప్పి, పాదములను ముక్కాలిపీటపై చాచి, "డాక్టరుగారూ, నాకు ఏభైతొమ్మిది. పదిహేనేళ్ల షుగరు. తొమ్మిది వేళ్లు. కాళ్లకు స్పర్శ లేదు. ఇవి చూసి, ఎంత నడవమంటారో చెప్పండి" అనిరి. నా అనుభవమున నేను వినిన సంకల్పములలో క్రమము తప్పనిది అదియొక్కటే. పది నిమిషములు వ్రాసియిచ్చితిని. ఆయన నేటికిని నడచుచున్నారు.

పాఠకులారా, ఈ సంవత్సరము మీరు ఏ కోరికతో మొదలిడినను, ముందుగా మీ వయస్సును, మీ రోగమును, మీ కాళ్ల కీళ్ల స్థితిని, గత సంవత్సరమంతయు మీరు నిజముగ చేసిన శ్రమను ఒక కాగితముపై వ్రాసికొని, దానిని మీ వైద్యునికి చూపుడు. మధుమేహమున్నవారు ఈ రాత్రియే, పడుకొనబోవుటకు ముందు, దీపపు వెలుతురులో మీ రెండు అరికాళ్లను ఒకసారి చూచుకొనుడు. వంగి చూడలేనివారు ఇంటివారిని చూడుమని అడుగుడు.