మా ఇంటి గేటు రిజిస్టరు

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం పోయే దారికి కాస్త లోపల మా ఇల్లు. కింద మేం నలుగురం. పైన మూడు గదుల్లో ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చి ఇక్కడి కంపెనీల్లో పనిచేసే పిల్లలు. వైఫై రౌటర్ టీవీ పైన మేకుకి వేలాడుతుంటుంది. దాని పాస్‌వర్డ్ వంటింటి క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కన, అమ్మ చేతిరాతలో ఉంటుంది.

పోయిన దీపావళి దాటిన వారం ఇంటి నుంచే పని చేస్తున్నా. మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అందరూ ఒకటే గొడవ. విసుగొచ్చి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచా. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. పెట్టినప్పటి నుంచీ ఎవరూ మార్చలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఊళ్లోవాళ్ల తప్పులు వెతకడానికి జీతం తీసుకుంటా. మా ఇంట్లో మాత్రం మూడేళ్లుగా తలుపు బార్లా తెరిచే ఉంది.

2016లో మిరాయ్ అనే మాల్వేర్ చేసింది కూడా గొప్ప మాయేం కాదు. కంపెనీ నుంచి వచ్చినప్పటి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల చిట్టా ఒకటి పట్టుకుని ఇంటర్నెట్‌లో కనిపించిన కెమెరానల్లా, రౌటర్‌నల్లా తట్టి చూసింది. తెరుచుకున్నవాటిని కూడగట్టి ఆ అక్టోబర్‌లో డైన్ అనే సంస్థ మీదికి తోలితే, అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి అందలేదు. ఆ పరికరాలున్న ఇళ్లవాళ్లకి తమ కెమెరా అంత పని చేసిందని తెలిసి కూడా ఉండదు.

అందుకని ఆ సాయంత్రం కూర్చుని పని మొదలుపెట్టా. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశా. డబ్ల్యూపీఎస్ ఆపేశా. దాని పిన్‌కి ఎనిమిది అంకెలున్నా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటిని బట్టి లెక్కగట్టేది. కాబట్టి కోట్ల కొద్దీ ప్రయత్నాలు అక్కర్లేదు, 11 వేలు చాలు. యూపీఎన్‌పీ కూడా తీసేశా. లోపలి యాప్ ఏదడిగినా బయటికి దారి తెరిచే సదుపాయం అది.

తర్వాత కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూస్తే పదిహేడున్నాయి.

పైవాళ్లకి పాస్‌వర్డ్ ఎప్పుడు వెళ్లిందో నాకు బాగా గుర్తు. 2025 జూన్ 30. ఆ పొద్దున పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. మా పైగదుల పిల్లలు చేసేది వేరే కంపెనీలో. ఆ సంగతి ఊళ్లో వాళ్ల అమ్మలకి ఎట్లా తెలుస్తుంది? ఒకడికి రీఛార్జ్ అయిపోయింది, ఇంకొకడికి సిగ్నల్ లేదు. అమ్మ అందర్నీ కిందికి పిలిచి క్యాలెండర్ చూపించింది. మా వరండాలో నిలబడి ఒక్కొక్కడు వీడియో కాల్‌లో మొహం చూపించుకున్నారు. సెక్యూరిటీ గురించి ఆ రోజు ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు. ఆలోచించనందుకు నాకిప్పటికీ బాధ లేదు.

వాళ్లను తీసెయ్యబుద్ధి కాలేదు. గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే పేరుతో ఒకటి తెరిచి వాళ్లను అందులోకి మార్చా. నెట్ వస్తుంది, మా లాప్‌టాప్‌లూ టీవీ వాళ్లకు కనిపించవు. కొత్త పాస్‌వర్డ్ అమ్మ మళ్లీ క్యాలెండర్ మీదే రాసింది. అంతవరకూ బానే ఉంది. ఆ తర్వాతే లాగ్ తెరిచా.

ఏ పరికరం, ఏ టైముకి, ఏ సైటుకి వెళ్లిందో వరసగా ఉంటుంది అందులో. తమ్ముడి పేరుతో ఉన్న ఫోను దాదాపు రోజూ రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఒకే చోటికి వెళ్తోంది. పేరు చూస్తేనే పేకాట అని తెలుస్తోంది.

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా జూదం కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి కూడా. ఇది అట్లాంటి యాప్ కాదు, ఎక్కడి నుంచి నడుస్తోందో తెలియని ఏదో సైటు.

తమ్ముడు రుద్రారం దగ్గర కంపెనీలో షిఫ్టుల మీద చేస్తాడు. బండి ఈఎంఐ ఉంది. నాకు కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ భయమేసింది. అట్లాంటి పిల్లల వార్తలు ఎన్ని చదవలేదు! ఆ సైటుని బ్లాక్ లిస్టులో పెట్టా. డీఎన్ఎస్ మార్చి, జూదం సైట్లకి అసలు చిరునామానే చెప్పకుండా ఆపే సేవ ఒకటి పెట్టా. ఆ ఫోన్‌కి రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరింటి దాకా నెట్ కట్ చేశా. ఇంత పనీ గంటలోపే అయిపోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు.

మర్నాడు అన్నం తినేటప్పుడు అందరి ముందూ అడిగేశా. తారీకులు, టైములు చదివి వినిపించా. వాడు నావైపు చూళ్లేదు. కంచం వైపు చూస్తూ, "సరే అక్కా, బంద్ జేసినవ్ గద," అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఒప్పేసుకున్నాడనే అనుకున్నా.

గిన్నెలు తీస్తూ అమ్మ అంది: "మంగళారం అంటివి. మంగళారం రాత్రి వాడు ఇంట్ల యాడున్నడే? నైట్ షిఫ్టాయె."

లాగ్ మళ్లీ తెరిచా. అమ్మ చెప్పింది నిజం. మంగళవారం ఒకటిన్నరకి ఆ ఫోను మా ఇంటి వైఫై మీదే ఉంది.

సంక్రాంతికి తమ్ముడు కొత్త ఫోను కొనుక్కుని పాతది నాయినకి ఇచ్చాడు. ఫోనుకి పెట్టిన పేరు మార్చలేదు. రౌటర్‌కి ఆ పేరే తెలుసు. వాడి కొత్త ఫోను జాబితాలో కంపెనీ మోడల్ నంబరుతో ఉంది, అది పైగదుల వాళ్లదనుకున్నా నేను. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో కంచం ముందు కూర్చున్నప్పుడే తమ్ముడికి తెలుసు. తెలిసే మాట పడ్డాడు.

నాయిన ఒక కంపెనీ గేటు దగ్గర ఇరవై నాలుగేళ్లు సెక్యూరిటీ చేశాడు. ఎక్కువగా నైట్ డ్యూటీలే. రిటైరయ్యాక కూడా ఆయన ఒంటికి రాత్రంటే నిద్ర అని తెలియలేదు. ఆ రాత్రి మంచం మీద ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నా.

"పేరు వానిది. ఆట నాది," అన్నాడు నేనేమీ అడక్కముందే. "మొదట్ల ఐదు వందలు పెడితే పన్నెండు వందలొచ్చినయ్. ఎవడో లింకు పంపిండు. ఇగ పోయినయ్ మల్ల తెద్దామని..."

"ఎంత నాయినా?"

"పీఎఫ్ పైసల్ల లక్షా పదివేలు."

నేనేం మాట్లాడలేకపోయా. కాసేపటికి ఆయనే, "గేటు కాడ మేం కూడా పేర్లు రాస్తుంటిమి బిడ్డా. బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము. గని ఏదన్న పోయినప్పుడు రిజిస్టర్ జూసి ఎవన్నీ దొంగ అనకపోదుము. ముందుగాల మనిషిని పిలిచి అడుగుతుంటిమి," అన్నాడు.

నాకు చదువు చెప్పిన పనిలో కూడా ఇది మొదటి పాఠమే. లాగ్‌లో ఉన్నది పరికరం, మనిషి కాదు. హెచ్‌టీటీపీఎస్ సైట్లయితే రౌటర్‌కి సైటు పేరు వరకే తెలుస్తుంది, లోపల ఏం జరిగిందో తెలియదు. పోయిన డబ్బు కనిపించదు, నిద్రపట్టని ముసలాయన అసలే కనిపించడు. ఇంకో సంగతి, నేను పెట్టిన అడ్డం ఎంత గట్టిదో కూడా నాకు తెలుసు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకుంటే నా డీఎన్ఎస్‌ని దాటిపోవచ్చు. అంత కూడా అక్కర్లేదు, వైఫై ఆపి సిమ్ డేటా వేసుకుంటే చాలు. "నిన్న రాత్రి అట్లనే ఆడిన," అని నాయినే చెప్పాడు.

మళ్లీ ఆయనే అన్నాడు: "బందే పెట్టు. గని నాకు సూపిచ్చి పెట్టు."

లాప్‌టాప్ తెచ్చి చూపించా. ఏది దేన్ని ఆపుతుందో, ఏది ఆపలేదో చెప్పా. సేవ్ బటన్ ఆయనే నొక్కాడు. తెల్లారి ఇద్దరం బ్యాంకుకి పోయి మిగిలిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశాం. యూపీఐ ఉన్న ఖాతాలో కూరగాయలకి, మందులకి సరిపడా ఉంచాం. రౌటర్‌లో చేసినదానికంటే ఇదే గట్టి ఫిల్టర్ అనుకుంటా. సైట్ల లాగ్ ఆపేశా. ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో తెలుసుకునే హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు, రౌటర్ ఇచ్చింది కాబట్టి తీసుకున్నానంతే.

"దీని తాళం ఎవరి దగ్గరుంటది?" అనడిగాడు నాయిన.

"అడ్మిన్ పాస్‌వర్డా? నా దగ్గరే."

"తమ్మునికి గూడ ఇయ్యి. గేటు తాళం ఒక్కల దగ్గరుండద్దు."

తమ్ముడికి మెసేజ్ పెట్టా. ముందు సారీ రాశా, కింద పాస్‌వర్డ్ రాశా. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ వారమంతా వాడు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం ఏదో పని మీద రౌటర్ పేజీ తెరిచా. జాబితాలో వాడి పేరు ఒకచోటే ఉంది, కొత్త ఫోన్ ఎదురుగా. పాత ఫోన్ ఎదురుగా 'నాయిన' అని ఉంది.