పది వాట్లు, ఒక ఎర్తు గుంత

గిటార్ ఆంప్లిఫయర్ల గురించి చదవడం మొదలుపెడితే మనిషి ఒక పట్టాన తేలడు. సాయంత్రం పది వాట్ల దగ్గర మొదలవుతాం, తెల్లారేసరికి లక్ష రూపాయల వాల్వు ఆంపు దగ్గర ఉంటాం. మన ఐటీ జనాలకి ఈ జబ్బు మరీ ఎక్కువ. కుక్కర్ కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే జాతి కదా మనది!

ఈసారి కొనాల్సింది మాత్రం నాకు కాదు, మా అక్క కొడుక్కి. వాళ్లది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వాడు అనంతపురంలో ఇంజనీరింగు చదువుతూ, కాలేజీలో సీనియర్ దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాడు. "మామా, ఎనిమిది వేలు కూడబెట్టినా. ఏ ఆంపు తీసుకోవాల్నో చెప్పు" అని ఫోను చేశాడు. ఎనిమిది వేలంటే బెంగుళూరులో మనకి ఒక వారాంతం ఖర్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, శెనక్కాయ పంట మీద బతికే ఇంట్లో, అది అలాంటి డబ్బు కాదు. ఒకసారి కొంటే మళ్లీ కొనడం ఉండదు. కాబట్టి కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆలోచించాను. నాకు తేలిందేమిటంటే, ఇంట్లో వాయించుకునే ఆంపుని గిటారుని చూసి కాదు, ఇంటిని చూసి ఎంచుకోవాలి.

ముందు వాట్ల లెక్క చూద్దాం. శబ్దం రెట్టింపయినట్టు మన చెవికి అనిపించాలంటే పవరు దాదాపు పది రెట్లు పెరగాలి. అంటే అదే స్పీకరు మీద 100 వాట్ల ఆంపు 10 వాట్ల దానికంటే రెండింతలు గట్టిగా వినిపిస్తుంది, అంతే. మామూలు గిటారు స్పీకరు ఒక్క వాటుకే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ పైనే ఇస్తుంది. పక్కగదిలో జేజి పడుకునే ఇంట్లో, కింద బండలు పైన కాంక్రీటు ఉన్న గదిలో, అది కూడా ఎక్కువే. కాబట్టి పది వాట్లు చాలు. అన్నట్టు, ఆంపుని గది మూలలో నేల మీద పెట్టకండి, బేసు గుంయ్యిమంటుంది. స్టూలు మీద పెట్టి స్పీకరుని చెవి వైపు తిప్పితే అదే ఆంపు వేరేలా వినిపిస్తుంది.

ఇక వాల్వా, సాలిడ్ స్టేటా? సాలిడ్ స్టేట్ అంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు, వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు వాడిన ఆంపు. మన ఊళ్లలో ట్రాన్సిస్టర్ అంటే రేడియో. 1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ చిన్న వస్తువే రేడియోని బల్ల మీద నుంచి దించి పొలం గట్టు దాకా తీసుకుపోయింది. వాల్వు ఆంపు గొప్పగా మోగుతుంది, కాదనను. కానీ దాని అసలు రుచి తెలియాలంటే గట్టిగా తోలాలి, ఇంట్లో అది కుదరదు. పైగా లోపల మూడువందల పైచిలుకు వోల్టులు ఉంటాయి, వాల్వులు అరిగిపోతే మార్చాలి. కళ్యాణదుర్గంలో వాల్వులెక్కడ వెతుకుతాం? సాలిడ్ స్టేట్ అంటే చవకబారు అనుకునేవాళ్లకి ఒక్క మాట: 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 సాలిడ్ స్టేటే. యాభై ఏళ్లు దాటినా దాని పేరు అలాగే ఉంది.

మావాడు ఇంకో మాట అడిగాడు. "మామా, గుళ్లో మైకుసెట్టు ఉండాది కదా, దాంట్లో పెడితే సరిపోదా?" తెలివైన ప్రశ్నే. కానీ గిటారు పికప్‌కి ఎదురుగా మెగాఓము దరిదాపుల్లో ఇంపీడెన్స్ కావాలి. మైకు ఇన్‌పుట్‌లో అది చాలా తక్కువ కాబట్టి పైస్వరాలు చచ్చిపోయి శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. అదీకాక రోజూ గుళ్లో ప్రాక్టీసు చేస్తే దేవుడు ఓర్చుకున్నా పూజారి ఓర్చుకోడు.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పిద్దామనే ఆలోచన మనలో చాలామందికి వస్తుంది. వద్దు. అక్కడ అమ్మే చిన్న ఆంపుల్లో చాలావాటికి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరే ఉంటుంది. మన 230కి పెడితే కాలిపోతుంది. లాప్‌టాప్ చార్జరు ఎక్కడైనా పనిచేస్తుంది కదా అని దీన్నీ అలా అనుకోకూడదు.

ఫోను ఆప్‌తో నడిచే డిజిటల్ మోడలింగ్ ఆంపుల మీద నాకు కోపం లేదు, చాలా బాగుంటాయి. కానీ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి, ఆప్‌ల ఆయుష్షు ఎంతో నాకు తెలుసు. పదేళ్ల తర్వాత ఆ ఆప్ కొత్త ఫోనులో ఎక్కుతుందని నేనైతే పూచీ పడలేను. వాల్యూము, గెయిను, ట్రెబుల్, బేసు నాబులకి అప్‌డేట్లు అక్కర్లేదు. వాటితో పాటు హెడ్‌ఫోను జాక్ ఉండాలి. ఫోనులో పాట పెట్టుకుని దాంతోబాటు వాయించడానికి ఆక్స్ ఇన్ ఉంటే ఇంకా మంచిది. ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జీ (10 వాట్లు, 6 అంగుళాల స్పీకరు), మార్షల్ ఎంజీ10లో రెండూ ఉన్నాయి. ఆరెంజ్ క్రష్ 12 శబ్దం నాకు ఇంకా నచ్చుతుంది, కానీ దానికి ఆక్స్ ఇన్ లేదు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది ఎర్తు సంగతి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు బ్రిడ్జి మీదుగా, కేబులు మీదుగా ఆంపు చాసీకి, అక్కణ్ణించి మూడో పిన్ను ద్వారా భూమికి కలిసి ఉంటాయి. అంటే వాయించేవాడి వేళ్లు ఎప్పుడూ ఎర్తు మీదే ఉంటాయి. ఆ ఎర్తు లేకపోతే తీగల మీద చెయ్యి తీయగానే జుయ్యిమని హమ్ రావచ్చు. అది చిన్న బాధ. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే కరెంటు నేరుగా తీగల్లోకి వస్తుంది. అది పెద్ద బాధ. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చే అలవాటు మనకి ఎంతుందో మీకు తెలుసు.

అనంతపురంలో దీనికి ఇంకో మెలిక ఉంది. మట్టిలో కరెంటు పోయేది తేమ ద్వారా. నేల ఎండితే ఎర్తు కూడా ఎండుతుంది. పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసినా, వేసవిలో నీళ్లు పడకపోతే ఆ గుంత పేరుకే. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపిస్తే అక్క ఇంట్లో అదే తేలింది. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది, ఎర్తు లేదు. వారానికి రెండు బిందెలు నీళ్లు పోయాలని ఆయన అంటే అక్క గయ్యిమంది. "మనుషులకే నీళ్లు లేకుంటే గిటారుకి పోయాల్నా?"

ఆమె మాటలో న్యాయముంది. చివరికి గిన్నెలు కడిగే నీళ్లు పారే చోట కొత్త గుంత తీయించాం. దాంతోబాటు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించాం. ఆ ఖర్చు నాది. ఆ ఎర్తు గిటారుకే కాదు, ఫ్రిజ్జుకీ, నీళ్ల మోటారుకీ, తడిచేతుల్తో స్విచ్చు వేసే అక్కకీ పనికొస్తుంది. ఆంపు కొనడం వల్ల ఆ ఇంటికి జరిగిన అసలు మేలు ఇదే అనుకుంటా.

ఇంతకీ ఏది కొన్నామంటే, ఫ్రంట్‌మన్ 10జీ, బెంగుళూరులో సెకండ్ హ్యాండు. సాలిడ్ స్టేట్‌లో అరిగే వాల్వులుండవు కాబట్టి పాతది కొనడానికి భయపడక్కర్లేదు. నాబులు తిప్పితే కరకర వస్తుందా, హెడ్‌ఫోను జాక్ పనిచేస్తుందా, స్పీకరు కాగితం చిరిగిందా అన్నవి చూసుకుంటే చాలు. ఎనిమిది వేలలో సగం మిగిలింది. మావాడు కేబులు, తీగలు కొని, మిగతాది వాళ్లమ్మకిచ్చాడు.

అమ్మిన అబ్బాయి మనవాడే, సాఫ్ట్‌వేరు. మూడు నెలలు వాయించి అటక ఎక్కించాడట. బెంగుళూరు, హైదరాబాదు అటకల మీద ఇలాంటివి ఎన్నున్నాయో! మీ ఇంట్లో ఒకటుంటే ఈ ఆదివారం కిందికి దించండి. వాయించండి, లేదా మీ ఊళ్లో వాయించేవాడెవడైనా ఉంటే వాడికివ్వండి. ఇచ్చే ముందు వాళ్లింట్లో ఎర్తు ఉందో లేదో ఒక్కసారి అడగండి.