లయ తెలిసిన సాధన

ఏ విద్యకైనా సాధనే ప్రాణమని పెద్దలంటారు. నేనూ ఎన్నో ఏళ్లుగా తరగతి గదిలో ఆ మాటనే బోధిస్తూ వచ్చాను. అయితే సాధన అంటే ఏమిటో నాకు యాభయ్యవ ఏట, అదీ ఒక ఆటస్థలంలో తెలిసివచ్చింది.

ఒకనాడు ఉత్పలమాల వృత్తాన్ని బోధిస్తూ ఒక విద్యార్థిని పద్యం చదవమన్నాను. అతడు గుక్క తిప్పుకోకుండా చదివాడు. పదాలు ఎక్కడపడితే అక్కడ విరిగిపోయాయి. “నాయనా, పద్యం చదువుతున్నావా, బస్సు వెంట పరుగెత్తుతున్నావా?” అన్నాను. తరగతి గొల్లుమంది. “ఇంటికి వెళ్లి వందసార్లు చదువు” అని ఆజ్ఞాపించాను. వారం తరువాత అతడు నిజంగానే వందసార్లు చదివి వచ్చాడు. అదే వేగం, అవే తప్పులు. శ్రద్ధ లేదని మళ్లీ మందలించాను. ఆనాటి నుండి అతడు చివరి బల్లకు చేరి తల ఎత్తడం మానేశాడు. సాయంత్రం నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ బస్టాపుకు నడిచి వెళ్లేటప్పుడు నేను ఎదురుపడితే, పిట్టగోడ వైపు తిరిగి మూసీనది కేసి చూస్తూ నిలబడేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మిత్రుడు నన్ను గోల్కొండలోని నయాఖిలా వద్ద ఉన్న గోల్ఫ్ మైదానానికి తీసుకువెళ్లాడు. నయాపూల్, నయాఖిలా - రెండింటి పేర్లలోనూ కొత్తదనమే, రెండూ పాతవే. వాటి మధ్య నేనొక ముదిమి పొడసూపిన కొత్త విద్యార్థిని!

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. మన మీదికి దూసుకురాదు, కదలదు. దానిని కొట్టడం ఎంత పని అనుకున్నాను. బలమంతా ఉపయోగించి కర్ర విసిరాను. మట్టిపెళ్ల ఎగిరింది, బంతి ఉన్నచోటనే ఉంది. పట్టుదలతో యాభై బంతులు కొట్టాను. ఒక్కటీ సరిగా పోలేదు. ఆట నేర్పే యువకుడు నవ్వలేదు. “సార్, మీరు యాభై బంతులు కొట్టలేదు. ఒకే తప్పును యాభైసార్లు సాధన చేశారు” అన్నాడు మృదువుగా.

తరువాత అతడు బంతిని పక్కన పెట్టించాడు. కర్రను వెనక్కు ఎత్తడానికి పట్టే కాలం, దానిని కిందికి దించి బంతిని తాకడానికి పట్టే కాలానికి సుమారు మూడు రెట్లు ఉండాలని చెప్పాడు. నిపుణులైన ఆటగాళ్లలో ఈ మూడింటికి ఒకటి అన్న నిష్పత్తే కనిపిస్తుందట. ఎత్తడం ముగిసి దించడం మొదలయ్యే సంధిలో తొందర పనికిరాదు. ముందుగా నడుము తిరగాలి. ఆ వెనుక భుజాలు, చేతులు, చివరకు మణికట్టు. నేను నేరుగా చేతులతోనే దూకుతున్నాను.

ఆ మాట వినగానే నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. సంస్కృతంలో యతి అంటే విరామస్థానం. తెలుగులో అది అక్షరమైత్రిగా మారినా, ఉత్పలమాలలో పదవ అక్షరం చేరేసరికి చదువరి చెవి మేల్కొనాలి. ఆ వెంటనే చివరి బల్ల కళ్లముందు మెదిలింది. లోపం ఎక్కడుందో చూపకుండా వందసార్లు చదవమన్న గురువును నేనే కదా!

గొప్పవారికీ ఈ విచారణ తప్పదు. టైగర్ వుడ్స్ 1997లో ఇరవై ఒక్క ఏళ్లకే మాస్టర్స్ పోటీని పన్నెండు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అయినా తృప్తిపడక, శిక్షకుని సాయంతో తన స్వింగ్‌ను మళ్లీ తీర్చిదిద్దుకున్నాడు. 2000-2001లో వరుసగా నాలుగు ప్రధాన పోటీలు గెలిచాడు. గెలిచినవాడే తన పద్ధతిని పరిశీలించుకున్నప్పుడు, ఓడినవాడు అదే పద్ధతిని పట్టుకుని వేలాడటం సాధన అవుతుందా?

మరునాడు తరగతిలో అందరి ఎదుట ఆ విద్యార్థిని క్షమాపణ కోరాను. అతడు తడబడుతూ లేచి నిలుచున్నాడు. పద్యం పక్కన పెట్టి, గురులఘువులకు అనుగుణంగా ఇద్దరం చేత్తో తాళం వేశాం. రోజుకు ఒక్క పాదమే. తప్పు దొర్లిన చోట ఆగి, ఎందుకు దొర్లిందో చూసి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టాం. ఐదవ నాడు అతడు నాలుగు పాదాలూ చదివాడు. మూడవ పాదంలో ఒకచోట తడబడ్డాడు; తానే గుర్తించి సరిదిద్దుకున్నాడు. తరగతి నిశ్శబ్దంగా విన్నది.

ఆ సాయంత్రం నయాపూల్ మీద అతడు పిట్టగోడ వైపు తిరగలేదు. నా పక్కనే నడిచాడు.

అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. నిజమే. కానీ, ఆలోచన తోడులేని అభ్యాసం తప్పును కూడా అంతే గట్టిగా నేర్పుతుంది. నా బంతి నేటికీ పెద్ద దూరం పోదు. అయినా, అది ఎందుకు పోలేదో ఇప్పుడు నాకు తెలుసు.