దాణాగది గడపమీద

సంపాదకులవారు నన్ను కోరినది హైదరాబాదు శివారులలో వెలసిన స్వారీ బడులను గూర్చిన ఒక వర్ణనము. అచటి మైదానములు, పిల్లల పోటీలు, గెలిచిన కప్పులు మొదలగు వానిని గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. కాని అట్టి బడి యొకదానికి నన్ను వెంటబెట్టుకొని పోయిన మా మేనకోడలు పశువైద్యురాలగుటచేతను, ఆమె ఆ పూట చూడవలసిన రోగి దాణాగది ప్రక్క కొట్టముననే యుండుటచేతను, నేను మైదానము వఱకు పోనేలేదు. ఎండ ముదురువఱకు దాణాగది గడపమీద కూర్చుండి ఒక వృద్ధుని చేతులను చూచుచుంటిని.

రోగి కుమైతు వన్నెగల ఎనిమిదేండ్ల ఆడుగుఱ్ఱము. ఆఱవ నిజాము కాలమున, 1886 లో, మౌలాలి నుండి మలక్‌పేటకు తరలివచ్చిన పందెపు మైదానమునందు కొన్నేండ్లు పరుగెత్తి, వడి తగ్గిన పిమ్మట, థరోబ్రెడ్ జాతి గుఱ్ఱములు పెక్కింటివలెనే పిల్లలకు స్వారీ నేర్పుటకై ఇచటికి అమ్ముడుపోయినది. చూపునకు చక్కనిది, స్వభావమున మిక్కిలి బెదురు, ఆకు కదలినను చెవులు రిక్కించును. వానలు ముసురుకొని, కొట్టము నుండి వెలికి తీయు వీలులేక, దాణా మాత్రము ఎప్పటివలెనే పెట్టుచు నిలిపియుంచిరట. తెఱపి యిచ్చిన దినమున జీను వేసి నడిపింపగా, మైదానము చుట్టు ఒక్కమాఱైన తిరుగకమున్నే వెనుకకాళ్ళు కొయ్యబాఱి నిలిచిపోయినది. తొంటి కండలు బిఱుసెక్కినవి, ఒడలెల్ల చెమట గ్రమ్మినది, సాయంకాలము విడిచిన మూత్రము కాఫీ రంగున నున్నది. కండ చిట్లినపుడు అందలి మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము నెత్తుటిలో కలసి మూత్రపిండముల గుండ వెలువడుటయే ఆ రంగునకు కారణము. అది మితిమీఱినచో మూత్రపిండములే చెడును.

బండ్లు లాగు గుఱ్ఱములతో ఐరోపా నగరములు నడచిన కాలమున దీనికి సోమవారపు జబ్బని పేరు. ఆదివారము పని లేదు, గింజ మాత్రము తఱుగదు. సోమవారము బండి కట్టగానే గుఱ్ఱము బిగుసుకొనిపోవును. ఆ యొక్క పేరు క్రింద వేర్వేఱు వ్యాధులు దాగియున్నవని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. బరువు లాగు జాతులలోను, అమెరికాలోని క్వార్టర్ జాతియందును, కొన్ని గుఱ్ఱముల కండలు చక్కెరను గ్లైకోజెన్ రూపమున మితిమీఱ కూడబెట్టుకొనును. ఈ జబ్బును 1992 లో స్టెఫనీ వాల్‌బర్గ్ అను విదుషియు ఆమె సహచరులును వర్ణింపగా, దాని మూలమందలి జన్యుదోషము 2008 లో బయలుపడినది. థరోబ్రెడ్లలో కారణము వేఱు. పందెపు గుఱ్ఱములలో నూటికి సుమారు 5 గుఱ్ఱములకు, అందును బెదురుగల పడుచు ఆడుగుఱ్ఱములకు, కండలోపలి కాల్షియము క్రమము తప్పి, ముడుచుకొన్న కండ సడలకుండును. గింజలలోని పిండిపదార్థము వాని ఉద్రేకమును ఇంకను హెచ్చించును. కారణములు వేఱైనను పథ్యము ఇంచుమించొక్కటే. గింజ తగ్గింపవలెను, ఆ లోటును గడ్డితోను నూనెతోను పూరింపవలెను, ఏ దినమును మానక నడిపింపవలెను. దీనిచే వ్యాధి సమూలముగా పోదు. మరల మరల వచ్చుట తగ్గును.

ఆ పథ్యమును నడపుచున్న చేతులు డెబ్బదియేండ్లు దాటిన ఒక సయీసువి. బడిలో అందఱును ఆయనను చాచా అందురు. మా మేనకోడలును అట్లే పిలుచును. ఆయన మొదట తవుడు గోనె మూతి విప్పి, పిడికెడు తీసి, అఱచేత నలిపి, ముక్కున కానించి, పిదప ఇసుమంత నాలుకపై వేసికొనెను. బియ్యపు మిల్లులో పట్టిన పచ్చి తవుడునందలి నూనె కొలది దినములకే చేదెక్కును. చేదెక్కిన నూనె కండలను కాపాడు విటమిన్-ఇ ని నశింపజేయును. ఏ విటమిన్ కొఱకు యజమానులు ఇంత ధనము వెచ్చించుచున్నారో, దానిని ముక్కిన తవుడు తొట్టిలోనే హరించును. చాచా ఈ రసాయనశాస్త్రమును చదువలేదు. మిర్యాలగూడ వైపు నుండి వచ్చి చాలనాళ్ళు గదిలో నిలువయున్న గోనెలలో ఒకదానిని ఆయన నాలుక సాక్ష్యముచేతనే త్రోసిపుచ్చి, ఈడ్చి వెలుపల పెట్టెను.

పిదప మంచి తవుడు తొట్టిలో పోసి, అందు భాస్వరము హెచ్చు గనుక దానికి జతగా సున్నపురాతి పొడి చల్లి, నఱికిన ఎండుగడ్డిని కలిపి, సుమారు 40 గ్రాముల ఉప్పు వేసి, కొలతగ్లాసుతో 300 మిల్లీలీటర్ల నూనె పోసెను. ఇంత నూనె మొదటి దినముననే పోసినది కాదు. గుఱ్ఱమునకు పిత్తాశయము లేదు, ఒక్కుమ్మడి పోసినచో పేడ పలుచబడును. కావున కొంచెము కొంచెముగ పెంచుచు రెండు మూడు వారములకు ఈ కొలతకు తెచ్చినాడు. నూనె హెచ్చినకొలది విటమిన్-ఇ అవసరమును హెచ్చును. డబ్బాలోని ఆ విటమిన్ పొడిని కడపట చల్లి, నీరు చిలికి, వ్రేళ్ళను దువ్వెనవలె పోనిచ్చుచు ఉండలు కట్టకుండ కలిపెను. గుఱ్ఱపు పెదవి మహా నేర్పరి. గింజను ఏఱుకొని తిని పొడిని అడుగున విడిచిపెట్టగలదు. అందుచేత చాచా తొట్టి నందించి ఊరకుండక, అది మేయుచున్నంతసేపును ప్రక్కనే నిలిచి, నడుమనడుమ చేయి పెట్టి అడుగున పొడి మిగిలినదేమో తడిమి చూచుచుండెను. డబ్బాలో నున్న మందు గుఱ్ఱపు కండకు చేరుటకు నడుమనున్న వంతెన ఆ చేయి యొక్కటే.

నన్ను నిజముగా కదిలించినది ఆయన మా మేనకోడలితో చెప్పుకొనిన మాట. “డబ్బాలు దండిగ తెచ్చిండ్రు బేటీ, పచ్చగడ్డి మాత్రం ఒక్క మోపు రాదు. నా చిన్నప్పుడు మా అబ్బ చెరువుకట్టల పొంటి గరిక కోసి గంపల తెచ్చేటోడు. గుర్రాలు గంప కనవడితెనే సకిలించేటియి. ఇప్పుడు ఆ చెరువు యాడుంది?” అని అతడు దీర్ఘముగ నిట్టూర్చెను.

ఈ ఫిర్యాదు ఒక ముసలివాని గతకాలపు వ్యామోహమని కొట్టివేయరాదు. గుఱ్ఱమునకు విటమిన్-ఇ సహజముగ లభించు స్థానము పచ్చగడ్డియే. కోసి ఎండబెట్టి కట్టలు కట్టి నిలువయుంచినకొలది అది తఱిగిపోవును. 500 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 500 మొదలు 1,000 యూనిట్ల వఱకు అవసరమని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. పచ్చికపై మేయు గుఱ్ఱమునకు అడుగకయే ఇది దొరకును, ఎండుగడ్డి మాత్రమే తిను గుఱ్ఱమునకు డబ్బాలోనుండి తీసి ఇయ్యవలెను. పూర్వము ఈ వ్యాధి లేదని నేననను, ఈనాడు డబ్బా వలదనియు అనను. ఆ కుమైతు గుఱ్ఱము బ్రతుకునకు ఆ పొడి ఇపుడు అత్యవసరము. కాని నగరము పెరిగిన తీరున చెరువు శిఖములు ఇండ్లస్థలములై, గరిక మొలచుటకు జానెడు నేల మిగులక, గడ్డి కోయువాని వృత్తియే అంతరించి, ఊరకే దొరకిన దానిని విదేశపు డబ్బాలలో గ్రాముల లెక్కన కొనుచు, దీనినే అభివృద్ధియని పిలుచుకొనుట నాకు సహింపరానిదిగ నున్నది.

ఆ డబ్బాలనైన సరిగ వాడుకొనుచున్నామా? దాణాగది అరమీద మూడు డబ్బాలుండెను. వానిపై తెలుగు అక్షరము గాని ఉర్దూ అక్షరము గాని ఒక్కటి లేదు. కొలచి పెట్టువాడు చాచా. చదువగలవాడు కార్యాలయపు గదిలో నుండును. సహజమైన విటమిన్-ఇ పేరు డి-ఆల్ఫా అనియు, కృత్రిమమైనది డిఎల్-ఆల్ఫా అనియు డబ్బాపై నుండును. సహజమైనది గుఱ్ఱపు నెత్తుటికి మేలుగ ఎక్కును, ఖరీదును హెచ్చు. ఇంతకంటె భయంకరమైన సంగతి సెలీనియమును గూర్చినది. ఇదియు కండల రక్షణకు విటమిన్-ఇ తో జతగ పనిచేయునదే. ఇది చాలక పుట్టిన గుఱ్ఱపుపిల్లల కండలు తెల్లబాఱి అవి నిలువలేక పోవును. కాని గుఱ్ఱమునకు దినమునకు కావలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే. మితిమీఱినచో జూలు, తోక రాలును, గిట్టలు పగులును. మన దేశముననే, పంజాబులోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతములలో నేలయందే సెలీనియము హెచ్చుగ నుండి పశువులకు ఇట్టి దుర్దశ కలుగుచున్నది. 2009 ఏప్రిలులో అమెరికాలోని ఫ్లోరిడాయందు పోలో ఆటకు సిద్ధపఱచిన 21 గుఱ్ఱములు, సెలీనియము కొలత తప్పి కలిపిన సూదిమందుచే, కొలది గంటలలోనే కూలి చచ్చినవి. అది సూది, ఇది మేత. అయినను కొలత తప్పుట యనునది ఎంతటి ప్రమాదమో దానివలన తెలియుచున్నది. మా మేనకోడలు అరమీది డబ్బాలను త్రిప్పి చదివి చూడగా, మూడింట రెండింటిలో సెలీనియము కలదు. వేర్వేఱుగ ఏదియు హెచ్చు కాదు. రెంటిని కూడిన లెక్క మాత్రము ఎవరును చూడలేదు. ఆమె ఒకదానిని తీసి పక్కన పెట్టించినది. “నాకేం ఎరుక బేటీ, రెండూ చెంచెడు చెంచెడు వెయ్యమన్నరు, వేసిన” అని చాచా నొచ్చుకొనెను. ఇందు ఆయన దోషమేమియు లేదు. మందును అమ్మువారు దానిని చేత కలుపువాని భాషలో నాలుగు పంక్తులు అచ్చు వేయింపకుండుట క్షమింపరాని ఉపేక్ష.

కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని గూర్చిన ప్రకరణమొకటి కలదు. ఉత్తమాశ్వమునకు పెట్టవలసిన మేతలో ధాన్యముతోబాటు ఒక ప్రస్థము స్నేహద్రవ్యమును, అయిదు పలముల ఉప్పును ఆయన విధించినాడు. నేడు వైద్యులు చాచాచేత కలిపించుచున్న నూనెయు ఉప్పును ఆనాటికే తెలిసినవని చెప్పి గర్వించుట నా ఉద్దేశము కాదు. ఆయన విధించిన ధాన్యమంతయు ఈ గుఱ్ఱమునకు పెట్టినచో మరునాడే బిగుసుకొనిపోవును. నన్ను ఆకర్షించినది మఱియొకటి. ఆ ప్రకరణముననే గడ్డి తెచ్చువాడు, మేత వండువాడు, గుఱ్ఱమును కట్టువాడు, కొట్టమును కాచువాడు అని ఒక్కొక్కనిని వేఱువేఱుగ పేర్కొని, తమతమ పనులచే గుఱ్ఱమును సేవింపవలెనని శాసించి, తప్పినవానికి ఆ దినపు వేతనము కోయుమన్నాడు. కోత కఠినమే, కాని వేతనమని ఒకటి ఉన్నవానికే గదా కోత. ఈ బడిలో ఆ పనులన్నియు చాచాయే చేయుచున్నాడు. ఆయన తరువాత తవుడును నాలుకతో పరీక్షించుట నేర్చినవాడు ఆ లాయమున లేడు. నేర్పుమని ఆయనను అడిగినవారును లేరు. పశువైద్య విద్యాలయములు సయీసుల కొఱకు కొన్ని దినముల శిక్షణ పెట్టి, చాచావంటి వారినే ఉపాధ్యాయులుగ కూర్చుండబెట్టి, మేత కొలతలను తెలుగు ఉర్దూలలో చిన్న పుస్తకముగ అచ్చొత్తించినచో, ఎన్నియో గుఱ్ఱములకు ఈ బాధ తప్పును.

బయలుదేఱుటకు ముందు మా మేనకోడలు పథ్యపు చీటీ వ్రాయుచు, “చాచా, సెలవురోజైనా సరే, దీన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపించాలి. ఒక్కరోజు కూడా కొట్టంలో నిలబెట్టొద్దు” అన్నది.

“బడికి సోమవారం ఛుట్టీ, డాక్టరమ్మా. ఆ దినం పదకొండు గుర్రాలకు నేనొక్కన్నే. పేడ ఎత్తాల్నా, నీళ్ళు పెట్టాల్నా, నడిపియ్యాల్నా? ఆ డబ్బా ఖరీదుల సగం పెట్టినా ఇంకో మనిషి వస్తడు” అని ఆయన బదులు చెప్పెను.

ఆమె క్షణమాగి, మందుల పట్టిక క్రింద, సోమవారములకు ఇంకొక సయీసు అవసరమని స్పష్టముగ వ్రాసి, ముద్ర వేసి, చీటీని కార్యాలయమున ఇచ్చినది. యజమాని ఊరిలో లేరనియు, వచ్చిన పిమ్మట చూపెదమనియు అచటివారు చెప్పిరి.