కాగితంలో అక్షరాలు

మా మత్తిగిరిలో తెలుగు చెవినపడని వీధి లేదు. తెలుగు వ్రాత కంటబడే గోడ మాత్రం అరుదు. హోసూరు ప్రాంతపు పిల్లలు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కన్నడం గలగల మాట్లాడేస్తారు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే గదా! అయితే మన అక్షరాలు నేర్పే పని చాలా ఇళ్లలో పెద్దవాళ్ల మీద పడింది. పలక ముందు కూర్చోమంటే పారిపోయే పిల్లలను నేను రంగు కాగితాలతో కూర్చోబెడుతున్నాను.

అందుకు సాధనం, షేప్ కట్టర్ అనే చిన్న చేతికత్తి. అరచేతిలో ఇముడుతుంది. అడుగున చదునైన పీఠం, దాని మధ్య చిన్న కత్తిమొన. మొన ఎంత లోతు దిగాలో సరిచేసుకోవచ్చు. కాగితం క్రింద దళసరి అట్ట వేసి, పైన అచ్చు పెట్టి, దాని అంచు వెంట కత్తిని నడిపితే ఆకారం తెగి వస్తుంది. ముందు చిత్తుకాగితం మీద లోతు చూసుకోవాలి. కోత పెద్దవాళ్లది, అంటించడం పిల్లలది.

నేను వెదికిన అంగళ్లలో నక్షత్రాలు, పువ్వులు, ఇంగ్లీషు అక్షరాల అచ్చులే ఉన్నాయి. అందుచేత మన అక్షరాన్ని జానెడు ఎత్తున అట్టమీద గీసి, అట్టనే కోసి అచ్చు చేసుకున్నాను. అప్పుడు తెలిసింది మన లిపి సంగతి. అంతా వంపులే! తాటాకు మీద గంటంతో వ్రాసే రోజులలో నిలువు గీతలకు ఆకు చీలుతుందని అక్షరాలను గుండ్రంగా తిప్పారని పెద్దలు చెబుతారు. వంపు కోసేటప్పుడు చేతిని గాక కాగితాన్ని తిప్పాలి. లోపలి సున్నాను ముందు, బయటి అంచును తరువాత కోయాలి. బయట ముందే తెగితే అక్షరం కదిలిపోతుంది.

‘ప’, ‘స’ల తలకట్టు విడిగా ఊడి చేతిలోకి వస్తుంది. ‘ఠ’ మరీ చిత్రం. లోపలి చుక్క రాలిపోతే మిగిలేది ‘ర’! ఆ చుక్క కోసం చాపక్రింద వెదికి తెచ్చి, నడుమ అంటించిన పిల్లకు ఆ రెండక్షరాల తేడా మళ్లీ చెప్పవలసిన పనిలేదు. వందసార్లు దిద్దించినా రానిది అలా వచ్చింది.

కోసి బొమ్మ చేయడం మన తెలుగువారికి కొత్తేమీ కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు చిన్న ఉలులతో రంధ్రాలు పొడుస్తారు; దీపం వెలుగు వాటిలోంచి వచ్చి తెరమీద నగలై మెరుస్తుంది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. మన చేతికోత అంతటిది కాకపోయినా, ఒక అక్షరాన్ని గుర్తుంచుకోవడానికి చాలు.

షేప్ కట్టర్ లేనివారు చిన్న కత్తెరతోనే మొదలుపెట్టవచ్చు. వాడిన పెళ్లి శుభలేఖలు దళసరిగా ఉండి బాగా తెగుతాయి. వచ్చే ఉగాదికి మామిడి తోరణం క్రింద మీ ఇంటిపేరును మీ పిల్లల చేత అంటించండి. ఆ రెండు మూడు అక్షరాలూ వాళ్లు వేలితో తడిమి చదువుతారు; తమ పేరు ఎలా అని వాళ్లే అడుగుతారు.