నూట పదహార్లూ, నలభై ఏళ్ల సీటూ

అమెరికాలో యూనివర్సిటీకి ఓ ఫుట్‌బాల్ టీమ్ ఉంటుందనుకుని వెళ్తాం. వెళ్లాక తెలుస్తుంది, కొన్ని చోట్ల ఫుట్‌బాల్ టీమ్‌కే ఓ యూనివర్సిటీ ఉంటుందని. ఈ మాట నాది కాదు, నాకంటే రెండేళ్ల ముందు అక్కడికి చేరిన మా సీనియర్‌ది. ఆయనది తెనాలి. వెటకారం కాస్త ఎక్కువే.

నాది పెదకాకాని. కొత్త బండి కొన్నవాళ్లు పూజ చేయించుకోడానికి మల్లేశ్వరస్వామి గుడికి వస్తారు చూడండి, ఆ పెదకాకాని. మా ఊరు దాటి హైవే మీద విజయవాడ వైపు వెళ్తుంటే నాగార్జున యూనివర్సిటీ వస్తుంది. 1976లో మొదలైంది. అక్కడ వ్యాయామ విద్య కాలేజీ ఉంది, గ్రౌండ్లు ఉన్నాయి, అంతర్ కళాశాలల పోటీలు జరుగుతాయి. కానీ ఆ పోటీలు చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్లినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. ఆడేవాళ్ల స్నేహితులు ఓ పదిమంది, పీఈటీ సారు, నీళ్ల డబ్బా దగ్గర ఓ కుర్రాడు. స్టూడెంట్లం ఫీజుల్లో గేమ్స్ ఫీజని కడతాం, అక్కడితో సరి. మన దగ్గర యూనివర్సిటీ ఆటలకి అభిమానే లేడు కాబట్టి, అభిమానిని చిన్నచూపు చూశారన్న బాధ కూడా లేదు.

2018లో ఎం.ఎస్.కి నేను వెళ్లింది అక్కడి దక్షిణాది రాష్ట్రంలో ఓ యూనివర్సిటీకి. పేరు రాయను, నా డిగ్రీ సర్టిఫికెట్ మీద ఉన్నది అదే మరి. శనివారం మ్యాచ్ ఉందంటే శుక్రవారం సాయంత్రానికే ఊరు ఊరంతా తిరనాళ్లలా మారిపోయేది. మేం నలుగురు తెలుగు కుర్రాళ్లం మొదటిసారి వెళ్లింది టీ-షర్టు ఉచితంగా ఇస్తారని. బంతి పట్టుకున్నవాడి మీద పదిమంది పడుతుంటే మనకి తెలిసిన కబడ్డీతోనే సరిపెట్టుకున్నాం. మూడో మ్యాచ్‌కి రూల్స్ వచ్చాయి. ఐదో మ్యాచ్‌కి గొంతు పోయింది.

ఉద్యోగం వచ్చింది అక్కడికి రెండు గంటల దూరంలో. 2021లో నేనూ నా రూమ్మేటూ కలిసి పైఅంతస్తులో రెండు సీజన్ టికెట్లు తీసుకున్నాం. ఇక్కడో మెలిక ఉంది. టికెట్ కొనాలంటే ముందు చందా కట్టాలి. ఆ చందా అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కి విరాళం; అది కడితే టికెట్ కొనుక్కునే హక్కు వస్తుంది; ఆ తర్వాత టికెట్ ధర వేరే. మా అమ్మకి ఫోన్లో ఇది వివరించేసరికి అరగంట పట్టింది. చివరికి "అంటే గుళ్లో ప్రత్యేక దర్శనం లాంటిదా?" అంది. అంతకంటే తేలిగ్గా నేనూ చెప్పలేను.

మా పక్క సీటు పెద్దాయన స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. 1981 నుంచి అదే సెక్షన్లో, అదే వరసలో సీటు. పేరు పెట్టి పిలవమనేవాడు కానీ డెబ్భై దాటిన మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు, సర్ అనే పిలిచాను. ఏ ఏడు ఏ ఆటలో ఎవడు బంతి జారవిడిచాడో ఆయనకి నోటికొచ్చు. టీమ్ వరసగా ఓడిపోయిన ఏళ్లలో స్టేడియం సగం ఖాళీగా ఉండేదట. అప్పుడూ వచ్చాడు, వానలోనూ వచ్చాడు. ఏడాదికి రెండొందల డాలర్ల చందా, ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఓసారి మా ఇంటి మిరప్పొడి ఓ సీసా ఇస్తే దాన్ని పాప్‌కార్న్ మీద చల్లుకుని, నీళ్లు తాగుతూనే రెండో సగమంతా చూశాడు.

2025 సీజన్‌కి ముందు ఆ యూనివర్సిటీ సీట్లన్నీ మళ్లీ పంచింది. కొత్త లెక్క ప్రకారం పాయింట్లు ఎక్కువున్నవాళ్లు ముందు ఎంచుకుంటారు. రోజూ కోడ్ రాసే బుర్ర కాబట్టి నేను ఆ సూత్రం తీసి చూశాను. ప్రతి వంద డాలర్ల విరాళానికి ఒక పాయింటు, టికెట్ కొనసాగించిన ప్రతి ఏడాదికీ ఒక పాయింటు. పెద్దాయన నలభై ఏళ్లలో ఇచ్చింది ఎనిమిది వేల పైచిల్లర. అంటే ఎనభై చిల్లర, ఏళ్లకి మరో నలభై చిల్లర, మొత్తం నూట ఇరవై పైన. కిందటి ఏడు పక్క రాష్ట్రం నుంచి వచ్చి పదిహేను వేల చెక్కు రాసినవాడికి నూట యాభై ఒకటి. లెక్కలో తప్పేం లేదు. కానీ ఒక ఏడాది విధేయతకి ధర వంద డాలర్లని ఎవరో ఓ గదిలో కూర్చుని తేల్చారు. ఆ అంకె మార్చడం ఒక్క లైను పని. ఏడాదికి ఒకటి బదులు ఇరవై పాయింట్లని ఉంటే పెద్దాయన మొదటి వరసలో ఉండేవాడు. అలా వద్దనుకున్నారు, అంతే. మా సెక్షన్‌ని మెత్తటి కుర్చీలున్న క్లబ్బు సీట్లుగా మార్చారు. పెద్దాయనకి మూల మీద, స్కోర్‌బోర్డు కనపడని చోటు వచ్చింది. వద్దని మానేశాడు. నలభై నాలుగేళ్లకి ఆయనకొచ్చింది "డియర్ వ్యాల్యూడ్ డోనర్" అని మొదలయ్యే ఈమెయిల్. పేరుండాల్సిన చోట పేరు కూడా పడలేదు.

ఇది ఒక్క యూనివర్సిటీ గొడవ కాదు. టెక్సస్ ఏ అండ్ ఎంలో "పన్నెండో మనిషి" అని ఓ సంప్రదాయం ఉంది. 1922 జనవరి 2న డల్లస్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే, ప్రేక్షకుల్లో ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ పిలిచాడు. అతను డ్రెస్ వేసుకుని పక్కన నిలబడ్డాడు. ఆడాల్సిన అవసరం రాలేదు, నిలబడ్డాడంతే. అందుకే ఇప్పటికీ అక్కడి విద్యార్థులు మ్యాచ్ అంతా నిలబడే చూస్తారు. దాతల సంస్థకీ అదే పేరు, ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్. అదే చోట 2023 నవంబర్లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు, ఒప్పందం మధ్యలో తెంచినందుకు ఇవ్వాల్సి వచ్చింది 75 మిలియన్ డాలర్లకు పైగా. మన లెక్కలో ఆరొందల కోట్ల పైమాటే, ఇకపై కోచింగ్ చెయ్యనందుకు! ఆ డబ్బు అథ్లెటిక్ డిపార్ట్‌మెంటూ, ఈ ఫౌండేషనూ భరిస్తాయని అధికారులే ప్రకటించారు. నిలబడి చూసిన కుర్రాడి పేరు మీద వసూలు చేసిన చందాలు ఎక్కడికి చేరాయో చూడండి.

ఒక మాట చెప్పాలి. ఆటగాళ్లకి డబ్బు ఇవ్వడం మీద నాకే అభ్యంతరమూ లేదు. వాళ్ల ఒళ్లు హూనమవుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు కోట్లు గడించారు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 జూన్లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా వాళ్లకి చెల్లించొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ 20.5 మిలియన్ డాలర్ల దాకా. న్యాయమే. కానీ ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? టెన్నెసీ యూనివర్సిటీ 2025 ఫుట్‌బాల్ సీజన్ టికెట్ల మీద పది శాతం "టాలెంట్ ఫీ" వేసింది. కోచ్ జీతానికి విడిగా ఏ ఫీజూ చూపించరు, కుర్రాళ్లకి పైసలివ్వాల్సి వచ్చేసరికి మాత్రం బిల్లులో ఓ లైను చేరింది. పైగా 2017 డిసెంబర్ దాకా సీటు హక్కు కోసం ఇచ్చే చందాలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది. ఆ చట్టం మార్చాక అదీ పోయింది. ఆ దెబ్బ ఎక్కువ తగిలేది మధ్య తరగతివాడికే అని నా అనుమానం. కంపెనీ ఖాతాలో సూట్ తీసుకునేవాడికి లెక్కలు చూసే మనిషి ఉంటాడు.

మన దగ్గర చందా పద్ధతి వేరు. ఎడ్ల బండలాగుడు పోటీలనండి, సంక్రాంతి వాలీబాల్ అనండి, గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇవన్నీ చందాలతోనే నడుస్తాయి. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, సీనియర్స్... ప్రతి బహుమతికీ ఓ దాత. పెద్ద దాతలకి ముందు కుర్చీలు, శాలువాలు. ఆ తేడా ఇక్కడా ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ నూట పదహారు ఇచ్చినవాడి పేరు కూడా మైకులో చదువుతారు, ఇంటిపేరుతో సహా. మా తాత ప్రతి ఏడూ వాలీబాల్‌కి నూట పదహార్లు ఇచ్చేవాడు. ఓ ఏడు మైకాయన పేరు వదిలేశాడు. తాత ఏమీ అనలేదు, లేచి ఇంటికొచ్చి అన్నం వద్దన్నాడు. రాత్రి పది దాటాక కమిటీవాళ్లు ఇద్దరు రసీదు పుస్తకం పట్టుకుని వచ్చి "పెదనాన్నా, కాగితం మడతలో ఉండిపోయింది, నువ్వు రాకపోతే రేపు ఫైనల్ మొదలెట్టం" అన్నారు. మర్నాడు ఫైనల్ ముందు రెండుసార్లు చదివారు. నూట పదహారు రూపాయలకి రాత్రిపూట ఇద్దరు మనుషులు నడిచి రావడం ఏ లెక్క ప్రకారమూ గిట్టదు.

ఇదీ మారుతోంది లెండి. ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చాయి, ఫొటో సైజు ఇచ్చిన సొమ్ముని బట్టి. చిన్న చందాలు ఫోన్ పేలో పడిపోతున్నాయి, పేరు అడిగేవాడు లేడు. ట్యూబ్‌లైట్ దానమిచ్చి, వెలుతురు రాకుండా దాని మీద తన పేరు రాయించుకునేవాణ్ణి చూసి మనం నవ్వుకున్నాం గానీ, ఆ పెయింట్ చాటున ఉన్న ఆశ చిన్నదేం కాదు.

అమెరికాలోనూ ఆ ఆశని అర్థం చేసుకున్నవాళ్లు లేకపోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి ఓనరు ఒక్కడు కాదు, లక్షలమంది చిన్న వాటాదార్లు. 2021 నవంబర్లో మళ్లీ వాటాలమ్మారు, ఒక్కోటి 300 డాలర్లు. డివిడెండ్ రాదు, ఎవరికీ లాభానికి అమ్ముకోలేరు, టికెట్లలోనూ ముందు వరస ఇవ్వరు. ఓటు మాత్రం ఉంటుంది. ఆ కాగితాన్ని జనం ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటారు. అబద్ధపు ఆశ చూపలేదు కాబట్టి అవమానమూ లేదు. మా యూనివర్సిటీలో నన్ను బాధపెట్టింది డబ్బు అడగడం కాదు. ప్రతి ఉత్తరంలో "మనమంతా ఒక కుటుంబం" అని రాసి, సీట్ల దగ్గరికొచ్చేసరికి వేలంపాట పెట్టడం.

నేనూ సీజన్ టికెట్ వదిలేశాను. పెద్దాయన కొన్నాళ్లు రేడియోలో విన్నాడు. తర్వాత ఆయనే ఫోన్ చేసి అమ్మాయిల వాలీబాల్ చూడ్డానికి రమ్మన్నాడు. నెబ్రాస్కాలో 2023 ఆగస్టు 30న ఓ వాలీబాల్ మ్యాచ్‌కి 92,003 మంది వచ్చారని ఆయన చెప్తే నమ్మక వెతికి చూశాను, నిజమే. మా దగ్గర అంత లేదు, రెండు వేలమంది వస్తే గొప్ప. టికెట్టు కాఫీ ఖరీదు, చందా గోల లేదు, ఎవరికి ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చోవచ్చు. ఫుట్‌బాల్‌లో నాకు పాఠాలు చెప్పిన మనిషికి ఇక్కడ రొటేషన్, లిబెరో వివరించేది నేను, పెదకాకాని గ్రౌండ్లో మోకాళ్లు కొట్టుకుపోయేలా ఆడిన ఆటే కదా. ఖాళీ బెంచీలు బోలెడున్నా, ఆయన మాత్రం ప్రతిసారీ అదే మూడో వరసలో, అదే చివర కూర్చుంటాడు.