యుగౌరా బండలు

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్ వేల్సు రాష్ట్రమున లాక్లన్ నదీతీరమందు ఫోర్బ్సు అను పట్టణము కలదు. 1861లో అచ్చట బంగారము బయల్పడగా నలుదిక్కులనుండి జనులు వచ్చి గుడారములు వేసికొనిరి. ఆ పట్టణమునకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్లు పోయి, యుగౌరా గ్రామము దాటి, బాటప్రక్క పేరుకొనియున్న పెనుబండలను మేము చూచితిమి. ఒక్కొక్కదాని మాటున నిలువెత్తు మనుష్యుడు సుళువుగ దాగవచ్చును.

1862 జూన్ 15వ తేదీన పోలీసుల కాపుతో బంగారపుబండి ఫోర్బ్సునుండి ఈ త్రోవనే వచ్చెను. ఫ్రాంక్ గార్డినర్ అనువాడు తన ముఠాతో ఈ బండలచాటున పొంచియుండెను. బాటకడ్డముగ ఎద్దుబండ్లను నిలిపించి, ముఖములకు మసి పూసికొనిన దొంగలు తుపాకులు పేల్చిరి. గాయములు తగిలెనుగాని యెవ్వరును చావలేదు. సుమారు 2,700 ఔన్సుల పసిడియు, 3,700 పౌనుల రొక్కమును వారి చేజిక్కెను. పసిడిలో దాదాపు సగము కొలదిదినములకే పోలీసులకు దొరకెను.

సోదరీమణులారా, మా మనస్సును కలచినది పిమ్మటి కథ. 1863లో ముగ్గురు అనుచరులకు మరణశిక్ష విధింపబడెను. ఇద్దరికి అది యావజ్జీవ కారాగారముగా మారెను. హెన్రీ మాన్సు అను యువకునికై పలువురు క్షమాభిక్ష వేడినను, మార్చి 26వ తేదీన సిడ్నీలో వానిని ఉరితీసిరి.

నాయకుడగు గార్డినర్, అన్యుని యిల్లాలగు కిట్టీ బ్రౌనుతో క్వీన్సులాండునకు పారిపోయి, మారుపేరుతో అంగడి నడపుచు 1864లో పట్టువడెను. ఇతర నేరములకుగాను వానికి 32 ఏండ్ల కఠినశిక్ష పడెను. వాని అప్పచెల్లెండ్రు ఊరకుండక ప్రభుత్వమునకు విన్నపములు చేసికొనిరి. తుదకు 1874లో, దేశము విడిచిపోవలెనను నియమముపై వాడు విడుదల గాంచెను. హాంగ్‌కాంగ్ మీదుగ సాన్‌ఫ్రాన్సిస్కో చేరి మద్యశాల నడపెను. ఈ విడుదలపై చెలరేగిన వివాదమున హెన్రీ పార్క్సు మంత్రివర్గమే కూలిపోయెను.

తోబుట్టువుకొరకు పాటుపడిన ఆ స్త్రీలను మేము తప్పుపట్టజాలము. ఆజ్ఞ యిచ్చినవానికి సముద్రము దాటుటకు త్రోవ దొరకినది. ఆజ్ఞ పాటించినవానికి ఉరిత్రాడు దక్కినది. గార్డినరునకు కరుణ లభించుటకు పదియేండ్లు పట్టినది. అంతలో జనుల కోపము చల్లారినది. ఉరికంబ మెవ్వరికిని అట్టి గడువు నీయదు గదా! దండించు రాజ్యమునకు ఓరిమి యవసరమని ఆ బండలకడ నిలిచినప్పుడు మాకు తోచినది.